సవరల పంతులుగారు: శ్రీ గిడుగు వేంకట రామమూర్తి

ప్రతి సంవత్సరము ఆగష్టు నెల 29వ తేదీన మన పాఠశాలలందు తెలుగు భాషా దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటమునకు పూలమాల వేయుదుము. ఇద్దఱు ముగ్గురు విద్యార్థులు లేచి, పంతులుగారు వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులని చెప్పి కూర్చుందురు. ఆ మాట సత్యమే. కాని ఆ యుద్యమము పుట్టకముందే, ఆయన సామాన్యుడైన యొక బడిపంతులుగా నుండి, పాఠము అందని పిల్లలకు పాఠమును అందించుటకై చేసిన పని మన జిల్లాలో పెక్కుమంది యెఱుగరు. ఆయన కళింగదేశపు వారు. మనము కఱవుసీమ వారము. అయినను ఆ జీవితమునకును మన తరగతి గదులకును గల సంబంధము దగ్గఱిదని నాకు తోచి యీ చరిత్రమును వ్రాయుచున్నాను.

పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వేంకమ్మగారు. తండ్రిగారు రెవిన్యూ ఉద్యోగి. ఆయనకు చోడవరమునకు బదిలీ కాగా, అక్కడ విషజ్వరము తగిలి 1875లో మరణించిరి. అప్పటికి బాలునకు పండ్రెండేండ్లు. విజయనగరమున మేనమామగారి యింట నుండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. తరువాత కన్యాశుల్క నాటకమును వ్రాసిన గురజాడ అప్పారావుగారు ఆ పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణులై, మఱుసటి సంవత్సరమున పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా ముప్పది రూపాయల జీతముమీద చేరిరి. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలను గడచిరి.

పర్లాకిమిడి యప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాయందుండెను. ఊరు దాటినంతనే కొండలు. ఆ కొండలలో సవరలు. వారు కొండపంటలను, అడవి సరకులను సంతకు తెచ్చుకొనుచుండిరి. పట్టణమువారు వారిని ప్రతి సంతకు చూచుచునే యుండిరి గాని, వారి మాట నేర్చుకొనవలెనని యెవరికిని తోచలేదు. సవరపిల్లవానికి చదువు కావలసివచ్చినచో ఆ చదువు తెలుగులోనో ఒడియాలోనో యుండెడిది. ఆ పిల్లవాడు బడిలో మొదటినాడు వినిన మాటలలో నొక్కటియు తన తల్లి నోట వినినది కాదు. అట్టివాడు నాలుగునాళ్లకు బడి మానివేసినయెడల, అడవివారికి చదువు అబ్బదని లోకము తీర్పు చెప్పుచుండెను. ఆ కాలమున చదువుకొన్నవారు సయితము ఈ తీర్పును సందేహింపలేదు.

రామమూర్తి పంతులుగారు సందేహించిరి. పిల్లవానిలో లోపము వెదకుటకు ముందు పాఠములో లోపమేమైన నున్నదేమో చూడవలెనని వారికి తోచెను. అయితే చూచుట యెట్లు? సవరభాష నేర్పు పుస్తకము లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. తెలుగును సవరమును రెండును వచ్చిన యొకనిని పంతులుగారు తమ యింటనే యుంచుకొని, వానియొద్ద శిష్యరికము చేసిరి. బి.ఏ. చదువుకొన్న యుపాధ్యాయుడు, అక్షరము ముట్టని జాతివారి మాటను వారి నోటినుండియే నేర్చుకొనుటకు కూర్చుండుట ఆ రోజులలో ఎంత వింతగా కనబడియుండునో మన మూహింపవచ్చును. ఉపాధ్యాయ కళాశాలలో బోధనాపద్ధతులు చదివిన మావంటివారికి ఈ ఘట్టము కొంచెము సిగ్గు కలిగించునదే. మేము నేర్చిన పద్ధతులన్నియు ఉపాధ్యాయుడు చెప్పుటనుగూర్చినవే గాని, ముందుగా వినుటనుగూర్చినవి చాల తక్కువ.

ఇంటిలో నేర్చినది చాలక పంతులుగారు సవరల యూళ్లకు పోవుచుండిరి. ఆ మన్యమున మలేరియా జ్వరములు మిక్కుటము. జ్వరము తగిలినప్పుడు క్వినైను తప్ప వేఱు మందు లేని కాలమది. క్వినైను అధికముగా పుచ్చుకొన్నచో చెవులలో హోరు పుట్టి వినికిడి క్షీణించుట వైద్యులందఱకు తెలిసిన విషయము. పంతులుగారికి అదియే సంభవించెను. జ్వరము పోయెను, చెవుడు మిగిలెను. అది తరువాత జీవితాంతము వారిని విడువలేదు. తండ్రిని ప్రాణముతో గొనిపోయిన జ్వరము కుమారుని వినికిడితో సరిపుచ్చుకొన్నది. ధ్వనులను పరీక్షించుటయే వృత్తిగా పెట్టుకొన్న మనుష్యునకు పోయినది కన్నో కాలో కాదు, చెవి! అయినను వారి భాషాకృషిలో ముఖ్యభాగ మంతయు దీని తరువాతనే జరిగినది. సభలలో మాటాడిరి, వాదములు నడపిరి, వ్యాకరణము వ్రాసిరి. ఈ పనిలో వారి కుమారులు సీతాపతిగారు వారికి కుడిభుజమై నిలిచిరి.

సవరభాష కష్టమెక్కడనున్నదో కొంచెము చెప్పవలెను. తెలుగు ద్రావిడ కుటుంబములోనిది, ఒడియా ఆర్యభాష, సవరము ఈ రెంటిలోను చేరక, ముండా యనబడు మూడవ కుటుంబమునకు చెందినది. అందు కంఠమును క్షణకాలము బిగబట్టి విడుచుటవలన కలుగు ధ్వని యొకటి కలదు. దానికి తెలుగులో అక్షరము లేదు. తెలుగు వానికి అది వినబడదు. వినబడినను ధ్వనిగా తోచదు. సవరబాలుడు ఆ ధ్వనితో పలికిన మాటను ఉపాధ్యాయుడు అది లేకుండ పలికి, పిల్లవానిదే తప్పని దిద్దును. అప్పుడు నిజముగా చెవిటివాడెవడో ఆలోచింపుడు. పంతులుగారు ముందుగా తెలుగు లిపిలోనే సవరభాషకు వాచకములు కూర్చిరి. కథలను, పాటలను పుస్తకములుగా చేసిరి. రెండు భాషలకును నిఘంటువులు సిద్ధపఱచిరి. తమ సొంత ధనముతో సవరలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. ముప్పది రూపాయలతో కొలువు ప్రారంభించిన బడిపంతులు ఆ జీతములను తన చేతినుండి యిచ్చుట స్వల్పవిషయము కాదు.

మద్రాసు ప్రభుత్వమువారు 1911లో ఆ పుస్తకములను అచ్చువేయించి, పంతులుగారికి పారితోషికము ఇవ్వబోయిరి. వారు దానిని పుచ్చుకొనక, ఆ ధనముతో సవరలకు ఒక మంచి బడి పెట్టుడని కోరిరి. సవరభాషలో బోధించు ఉపాధ్యాయులను తయారుచేయుటకు శిక్షణశాలలు కావలెననియు సూచించిరి. పుస్తక మొక్కటియే బడి కాదని వారికి తెలియును. 1913లో ప్రభుత్వమువారు రావు బహదూర్ బిరుదు నిచ్చిరి.

ఇక తెలుగు సంగతి. యేట్సు అను దొరగారు ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిరి. ఆయన తెలుగు నేర్చుకొనుచు, ప్రజలు మాటాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమెందుకని పండితులను అడుగ నారంభించిరి. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలకు ప్రిన్సిపాలుగా నున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు గురజాడ అప్పారావుగారును గిడుగు రామమూర్తిగారునని చెప్పిరి. ఈ నలువురి కలయికయే వ్యావహారిక భాషోద్యమమునకు మొదలు. ఒక సంగతి గమనింపదగినది. తెలుగుపిల్లవాని కష్టమును పంతులుగారు అంత త్వరగా గుర్తించుటకు కారణము, అంతకుముందు పదేండ్లకు పైగా సవరపిల్లవాని కష్టమును దగ్గఱనుండి చూచియుండుటయేనని నా యభిప్రాయము. సవరబాలునకు బడిభాష పూర్తిగా పరభాష. తెలుగు బాలునకు అది సగము పరభాష. ఇంట 'వస్తున్నాడు' అనువాడు బడిలో 'వచ్చుచున్నాడు' అని వ్రాయవలెను. అరసున్న యెక్కడ వచ్చునో, బండి ఱ యెక్కడ వచ్చునో వల్లించవలెను. భూగోళము తెలిసినను, గణితము తెలిసినను, సంధి తప్పినచో వాడు మందమతి. భాషకు వేసిన యీ తాళమువలన తక్కిన విద్యలన్నియు మూతపడినవని పంతులుగారి వాదము.

1911లో ఉద్యోగము విరమించిన పిదప వారి కాలమంతయు ఈ వాదమునకే వినియోగమాయెను. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసమును కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని యుత్తరువు వచ్చెను. దానిపై పెద్ద కలవరము పుట్టినది. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు ఇది భాషకు ముప్పు అనియు, విద్య హీనపడుననియు సభలు చేసిరి. తుదకు ఆ వెసులుబాటు నిలువలేదు. రామమూర్తి పంతులుగారు వెనుదీయక ఊరూర తిరిగి ప్రసంగించిరి. 1919లో 'తెలుగు' అను పత్రికను నడపిరి. గ్రాంథికమే వ్రాయుమనిన పండితులు తాము వ్రాయు గ్రాంథికమందే దొర్లించుచున్న తప్పులను ఏఱి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' అను గ్రంథమున చూపించిరి. అట్లని వారు ప్రాచీన కావ్యములకు శత్రువులు కారు. ఆ కావ్యములను వారు చదివినంతగా చదివినవారు ప్రతిపక్షమునను అరుదు. పాతభాషను చదివించుడు, కాని దానిలో వ్రాసి తీరవలెనని పిల్లలను నిర్బంధింపకుడని మాత్రమే వారు కోరిరి. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆధునిక భాషపై నుంచిన నిషేధమును ఎత్తివేసెను. పాఠ్యపుస్తకములు పూర్తిగా మారుటకు వారి మరణము తరువాత మఱికొన్ని దశాబ్దములు పట్టినది.

ఈ వ్యాసమును మన పత్రిక యానవాయితీనిబట్టి పాతభాషలోనే వ్రాయుచున్నాను. పంతులుగారు దీనిని చూచినయెడల నా గ్రాంథికములో ఎన్ని తప్పులున్నవో చెప్పి నవ్వియుందురు. మన జిల్లాలో వారి పక్షమున సాక్ష్యము చెప్పగలవాడు ఒకడున్నాడు: కదిరి తాలూకా కటారుపల్లెలో సమాధియైన వేమన. ఆయన పద్యము పశులకాపరికి తెలియును, పండితునకును తెలియును.

పాఠకులలో కొందఱు, సవరలు మన సీమలో లేరుగదా, ఈ కథ మనకేల యని యడుగవచ్చును. మన తండాలలోని సుగాలిపిల్లలు ఇంట మాటాడునది తెలుగు కాదు. అది రాజస్థాన భాషలకు చుట్టము. రాయదుర్గము వైపున, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర వైపున ఎందఱికో ఇంటిమాట కన్నడము. కదిరిలో ఎందఱికో ఉర్దూ. మొదటి తరగతిలో ఈ పిల్లలు నోరు మెదపకున్నచో వారికి తెలివి లేదని వ్రాసివేయుట సులభము. 2004వ సంవత్సర ప్రాంతమున మన ప్రభుత్వమువారు ఎనిమిది గిరిజన భాషలలో చిన్నతరగతుల బోధన ప్రారంభించిరి. ఆ యెనిమిదింటిలో సవరభాషయు, మన తండాల బంజారా భాషయు నున్నవి. పర్లాకిమిడి పంతులుగారి ఆలోచన ప్రభుత్వపు పద్ధతిగా మాఱుటకు దాదాపు నూఱేండ్లు పట్టినదన్నమాట.

మఱియొక సంగతి. 2020వ సంవత్సరము మార్చినెలలో కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు చదువంతయు అంతర్జాలములోనికి, సెల్‌ఫోనులలోనికి వెడలినది. పాఠము ఇంటింటికి చేరినదని మనమందఱము సంతోషించితిమి. చేరినదా? సాలుకు ఏబది యైదు సెంటీమీటర్ల ప్రాంతమున మాత్రమే వాన కురియు ఈ మెట్టసీమలో, వేరుసెనగ పండని యేట తండ్రి కూలికి బెంగుళూరు పోవును. ఇంటనున్న ఒక్క ఫోను వానితో పోవును. పిల్లవాడు అవ్వయొద్ద నుండును. ఫోనున్న యిండ్లలో సయితము పాఠము అందఱకు నొక్కరీతిగా అందలేదు. ఉపాధ్యాయుని మాట వినబడని బాలికకు, ఆ మాటయే తెర యడుగున అక్షరములుగా కనబడవలెను. లేదా చేసైగల భాషలో చెప్పువారు పక్కన నుండవలెను. అవి లేని పాఠము ఆమెకు పెదవులాడించు బొమ్మ మాత్రమే. చూపులేని బాలునకు సహాయముగా స్క్రీన్ రీడరు అను సాధన మొకటి యున్నది. అది తెరమీది అక్షరములను బిగ్గఱగా చదివి వినిపించును. అయితే మనము నోటుపుస్తకమును ఫోటో తీసి పంపినచో అది దానికి అక్షరము కాదు, వట్టి బొమ్మ. పాత ముద్రణాలయపు ఫాంటులలో కూర్చిన తెలుగును అది చదువబోగా అర్థములేని గుఱుతులు పలుకును. యూనికోడు అను సర్వసామాన్యమైన అక్షరపద్ధతిలో కూర్చినచో అదే పాఠము ఆ బాలునకు చక్కగా వినబడును. రెండు పనులకును పట్టు శ్రమ యించుమించు సమానమే. భేదమంతయు, ఆ బాలుడు తరగతిలో నున్నాడని కూర్చువానికి గుర్తుండుటలో నున్నది.

అంతర్జాలపు పుటలు అవయవలోపము గలవారికిని అందునట్లు కూర్చు నియమములు 1999లోనే ప్రకటింపబడినవి. మన దేశమున 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టివారి చదువునకు తగిన యేర్పాట్లు చేయుట విద్యాలయముల విధియని చెప్పుచున్నది. ఇవి తెలిసినవారు తక్కువ. కాని నియమము లేనినాడే ఈ పని చేసినవాడు మన భాషలో నొకడుండెను, వాడును వినికిడి పోయినవాడే. పెంతెకొస్తు దినమున యెరూషలేములో పలుదేశములవారు తమతమ జన్మభాషలలో సువార్త వినిరని వేదములో చదువుచున్నాముగదా. ఆనాడు ప్రభువు మార్చినది వినువారి చెవులను కాదు, చెప్పువారి నాలుకలను. పంతులుగారు క్రైస్తవులు కారు; అయినను ఆ అధ్యాయము నేను చదివినప్పుడెల్ల, సవరల యూరిలో కూర్చుండి మాట నేర్చుకొనుచున్న ఆ బ్రాహ్మణ పంతులుగారు నాకు గుర్తువచ్చుచుందురు.

వారి తుదిదినములు శాంతముగా గడువలేదు. ముప్పదియైదేండ్ల కృషికి ఫలముగా సవరభాషా వ్యాకరణమును ఇంగ్లీషులో ముగించిరి. మద్రాసు ప్రభుత్వమువారు దానిని 1931లో ప్రచురించిరి. ముండా భాషలలో నొకదానిని మన దేశస్థుడు ఇంత శాస్త్రీయముగా పరిశీలించుట అంతకుముందు లేదు. ప్రభుత్వమువారు కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకము నిచ్చిరి. కాని 1936లో ఒడిషా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. పంతులుగారు దానిని గట్టిగా ప్రతిఘటించినవారు. అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని, తమ సవరలను విడిచి, డెబ్బదిమూడవ యేట రాజమహేంద్రవరము చేరిరి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినది. 1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకులను కలిసికొని, పత్రికలు జనులకు తెలియు భాషలో వ్రాయవలెనని తమ కడపటి విన్నపము చేసిరి. అటుపిమ్మట వారము దినములకు, 22వ తేదీన, ఆ నగరముననే కాలధర్మము నొందిరి.

సీతాపతిగారు తండ్రి విడిచిన పనిని 1969లో తాము మరణించువఱకు కొనసాగించిరి. సవరలకు వారి సొంతలిపియు నేర్పడినది. మంగెయి గొమాంగో అను సవర విద్వాంసుడు దానిని 1936లో, అనగా పంతులుగారు పర్లాకిమిడి విడిచిన సంవత్సరముననే, కల్పించెను. దానికి సోరా సోంపెంగ్ అని పేరు. ఆ యక్షరములు 2012లో యూనికోడునందు చేర్పబడినవి. అప్పటినుండి సవరబాలుడు తన మాటను తన యక్షరములతో సెల్‌ఫోనుమీద వ్రాయుటకు మార్గ మేర్పడినది.